ఎంగిలి పళ్లెం నుంచి ఎరువు దిబ్బ దాకా

ఒహాయో అనగానే మనవాళ్లకు కొలంబస్ నగరం, అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ గుర్తొస్తాయి. ఒహాయో యూనివర్సిటీ వేరు. కొలంబస్‌కు ఆగ్నేయంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, అపలాచియన్ కొండల అంచున, ఏథెన్స్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది అది. 1804లో మొదలైన పాత విద్యాలయం. ఇటుకలు పరిచిన వీధులు, పక్కనే హాకింగ్ నది, చుట్టుపక్కల ఒకప్పుడు బొగ్గు తవ్వి వదిలేసిన గుట్టలు. సెలవులిస్తే ఊరు బోసిపోతుంది. ఊళ్లో జనమంటే ఎక్కువ వంతు విద్యార్థులే మరి.

ఆ విద్యార్థులు తిని వదిలేసిన తిండి, వాళ్లకు వండేటప్పుడు మిగిలిన తొక్కలూ తొడిమలూ ఊరి బయట చెత్తదిబ్బకు వెళ్లకుండా క్యాంపస్‌కు చెందిన ఒక కొండ మీదే ఎరువుగా మారుతున్నాయి. ఆ కొండ గురించీ, అక్కడికి చేరేలోపు ఆ ఎంగిలి నడిచే దారి గురించీ ఈ కథనం.

కొండ పేరు రిడ్జెస్. నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. దానికో బరువైన చరిత్ర ఉంది. 1874లో అక్కడ మానసిక రోగుల ఆసుపత్రి తెరిచారు. ఎర్ర ఇటుకలతో రెక్కలు చాచినట్టు కట్టిన పెద్ద భవనం, చుట్టూ వందల ఎకరాల నేల. పొలం, పాడి, పండ్ల తోట, కూరగాయల మళ్లు అన్నీ ఆసుపత్రివే. వాటిలో పనిచేసిన చేతుల్లో ఎక్కువ భాగం రోగులవే. దాదాపు వందా ఇరవై ఏళ్లు నడిచాక, 1993లో ఆసుపత్రి అక్కడినుంచి వెళ్లిపోయింది. భవనాలూ నేలా విశ్వవిద్యాలయం చేతికి వచ్చాయి. ప్రధాన భవనంలో ఇప్పుడు కళా మ్యూజియం నడుస్తోంది. కొండ వాలులో ఆసుపత్రి శ్మశానాలున్నాయి. అక్కడ పూడ్చిన దాదాపు 1,900 మందిలో చాలామంది సమాధిరాళ్ల మీద పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. ఆ రాళ్లకు పేర్లు వెతికి చేర్చాలని కొందరు ఏళ్ల తరబడి పాటుపడుతున్నారు. కొండ మీద ఏ పని గురించి రాసినా వాళ్లను తలచుకోకుండా దాటిపోవడం నాకు న్యాయమనిపించలేదు.

అదే కొండ మీద 2009లో కంపోస్టు కేంద్రం మొదలైంది. రోజుకు 2 టన్నుల వ్యర్థం పట్టే పొడవాటి ఉక్కు గది ఒకటి బిగించారు. అది చాలక 2012లో 4 టన్నుల గది ఇంకొకటి చేర్చారు. అమెరికా కళాశాలలు, విశ్వవిద్యాలయాలు సొంతంగా నడిపే ఈ రకం ఏర్పాట్లలో తమదే పెద్దదని విశ్వవిద్యాలయం చెబుతూ వచ్చింది. పైకప్పు మీద సౌర ఫలకాలున్నాయి, వాన నీరు పట్టి వాడుకుంటారు.

గది లోపల జరిగేది మన పెంటదిబ్బలో జరిగేదే. దాన్ని ఓ క్రమంలో పెట్టి, తొందరపెట్టారు. మెత్తటి తిండి వ్యర్థాన్ని ఒక్కదాన్నే పోగేస్తే గాలి ఆడక కుళ్లి కంపు కొడుతుంది. అందుకని చెక్క ముక్కలు కలుపుతారు. సూక్ష్మజీవులకు కర్బనం ముప్పై పాళ్లుంటే నత్రజని ఒక పాలు ఉండాలి. అన్నం, కూర, మాంసం కలిసిన వ్యర్థంలో కర్బనం పదిహేను పాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ లోటును చెక్క తీరుస్తుంది, మధ్యమధ్య ఖాళీలు వదిలి గాలికి దారి ఇస్తుంది. కలిపిన సరుకు ఒక చివర లోపలికి వెళుతుంది. కొత్తది చేరినకొద్దీ పాతది ముందుకు జరుగుతుంది. దారిలో తిరిగే మరలు దాన్ని గుల్ల చేస్తాయి, కిందనుంచి గాలి ఊదుతారు. బయటికొచ్చే గాలిని చెక్క ముక్కల పొర గుండా పంపి వాసన పట్టేస్తారు. సుమారు రెండు వారాలకు రెండో చివర బయటపడుతుంది.

ఈ రెండు వారాల్లో వేడి ముఖ్యం. మూసిన గదుల్లో చేసే కంపోస్టు లోపల కనీసం 55 డిగ్రీల సెల్సియస్ వేడి మూడు రోజులపాటు నిలవాలని అమెరికాలో పాటించే కొలత. రోగకారక క్రిములు, కలుపు గింజలు ఆ వేడికి చస్తాయి. ఇంటి వెనక గుంతలో వేయొద్దనే మాంసం, ఎముకలు, పాలపదార్థాలు ఇక్కడ వేయగలిగేది అందుకే. బయటికొచ్చిన సరుకు మాత్రం ఇంకా ఎరువు కాదు. ఆరుబయట వరుసలుగా పోసి, అప్పుడప్పుడూ తిరగేస్తూ మరో మూడు నెలలు మాగనివ్వాలి. తేమ సరిపోయిందో లేదో చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే నీళ్లెక్కువ, ముద్ద నిలవక పొడిపొడిగా రాలితే తక్కువ. చివరికి జల్లెడ పడతారు. కిందికి దిగిన నల్లటి గుల్ల ఎరువు క్యాంపస్ తోటలకూ ఆటస్థలాలకూ వెళుతుంది. జల్లెడ పైన మిగిలిన చెక్క ముక్కలు మళ్లీ కొత్త వ్యర్థంలో కలుస్తాయి. వాటికి అంటుకున్న సూక్ష్మజీవులు పాలకు తోడు వేసినట్టు పనిచేస్తాయి.

ఉక్కు గది చూడముచ్చటగానే ఉంటుంది. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేది దానికే. ఈ పని గెలిచేదీ ఓడేదీ మాత్రం కొండ కింద, భోజనశాలల వెనక ఉండే గిన్నెల గదుల్లో అని నా నమ్మకం.

మా మేనకోడలు అమెరికాలో ఎమ్మెస్ చదివింది. ఒహాయోలో కాదు, ఇంకో రాష్ట్రంలో. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మన పిల్లల్లో ఎంతోమందికి ఆ 20 గంటలూ డైనింగ్ హాల్లోనే గడుస్తాయి. తనదీ అంతే. తిన్నవాళ్లు వదిలిన పళ్లేలు కదిలే పట్టీ మీద గోడ అవతలికి వస్తాయి. అక్కడ నలుగురు నిలబడి తిండిని ఒక డబ్బాలోకి గీకేసి, ప్లాస్టిక్ ఏదైనా ఉంటే ఇంకో డబ్బాలో పడేసి, పళ్లేన్ని కడిగే యంత్రానికి అందించాలి. ఒక్కో పళ్లేనికి రెండు మూడు క్షణాలకు మించి ఉండదు.

“వాసనకు కష్టంగా ఉండదామ్మా?” అని ఫోన్లో అడిగాను.

“గ్లవ్స్ ఉంటాయి మామయ్యా, వాసన రెండ్రోజుల్లో అలవాటైపోయింది. కెచప్ ప్యాకెట్లతోనే చావు. ఆ చింపిన మూల ఉంటుంది చూడు, గోరంత ముక్క, అది తిండిలో కలిసిపోతే ఇంక దొరకదు. అమ్మకు మాత్రం చెప్పకు, ఎంగిలి పళ్లేలు ఎత్తుతున్నానంటే ఏడుస్తుంది.”

అక్కకు నేను చెప్పలేదు. ఆ పిల్ల అన్న రెండు మాటలూ నన్ను వదల్లేదు. మొదటిది గోరంత ముక్క. ప్లాస్టిక్ చివకదు. ఎన్ని డిగ్రీల వేడి పెట్టినా చిన్న ముక్కలవుతుందంతే. గదిలోని మరలు ఒక సంచిని వంద పీలికలు చేస్తాయి, జల్లెడలో వాటిలో కొన్నే దొరుకుతాయి. యాపిల్, అరటి మీద అంటించే చిన్న స్టిక్కర్ కంపోస్టు చేసేవాళ్లందరికీ తెలిసిన శత్రువు. తొక్కతోపాటు లోపలికి వెళ్లి, తొక్క ఎరువైపోయాక తాను మాత్రం రంగు కూడా మారకుండా నల్లటి మట్టిలో మెరుస్తూ తేలుతుంది. ఒకసారి కలిసిందాన్ని తర్వాత ఏరడం అయ్యే పని కాదు. వేరు చేయడం పళ్లెం దగ్గరే జరగాలి.

పళ్లెం దగ్గర దాన్ని ఎవరు చేయాలి? మూడు రంగుల డబ్బాలు వరుసగా పెట్టి, పైన బొమ్మలు అతికించి, తినేవాడినే ఆలోచించుకోమనడం ఒక పద్ధతి. క్లాసుకు ఆలస్యమవుతున్న పిల్లవాడు చేతిలోది ఏ డబ్బా దగ్గరుంటే అందులో వేసేస్తాడు. పైగా మొక్కజొన్న పిండితో చేసిన గ్లాసూ మామూలు ప్లాస్టిక్ గ్లాసూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి పారిశ్రామిక కంపోస్టు వేడికి చివుకుతుంది, రెండోది ఎప్పటికీ చివకదు. కాగితపు గుజ్జుతో చేసిన గిన్నెలు మేలనుకుంటే, నూనె పీల్చకుండా వాటిలో కొన్నింటికి కలిపే ఫ్లోరిన్ రసాయనాలు ఎరువులోకి చేరుతున్నాయని తేలింది. 2020 నుంచి అమెరికాలో కంపోస్టుకు పనికొస్తుందని ముద్ర వేసే ప్రధాన సంస్థ అలాంటి సరుకుకు ముద్ర ఇవ్వడం మానేసింది. ఇంత చిక్కుముడిని తినేవాడి నెత్తిన పెట్టడం అన్యాయం. తిన్నవాడు పళ్లెం వదిలేసి వెళితే, నేర్చుకున్న చేతులు లోపల వేరు చేయడం, కడిగి వాడుకునే పళ్లేలే పెట్టడం, కొనేటప్పుడే ప్యాకెట్ కెచప్ బదులు పెద్ద సీసా కొనడం, ఇవి పనిచేసే పద్ధతులు. వంటగదికి రానిదాన్ని వేరు చేయాల్సిన పని లేదు.

మిగలకుండా చూసే దారిని అమెరికా క్యాంపస్‌లు ఇంకో రకంగానూ కనిపెట్టాయి. 2008 ప్రాంతంలో చాలా భోజనశాలలు ట్రేలు తీసేశాయి. ట్రే ఉంటే దాని మీద పట్టినన్ని గిన్నెలు పెట్టుకుంటారు. లేకపోతే రెండు చేతులకు పట్టినంతే. ఒక క్యాటరింగ్ కంపెనీ ఆ ఏడాది 25 విద్యాసంస్థల్లో తూచి చూస్తే మనిషికి పారేసే తిండి నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఎవరికీ పాఠం చెప్పలేదు, పోస్టరు అంటించలేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2023లో వృథా తిండి విషయంలో ఏది మేలు, ఏది తర్వాత అని కొత్త వరుస ప్రకటించింది. అందులో మొదటి స్థానం మిగలకుండా చూడడానిది. ఆకలిగా ఉన్నవాళ్లకు పెట్టడం, పశువులకు వేయడం కూడా కంపోస్టుకు ముందే వస్తాయి. కంపోస్టు కేంద్రం నడిపేవాళ్లకు తమ దగ్గరికొచ్చే టన్నులు తగ్గితే సంతోషించగలిగే మనసుండాలి.

ఒహాయో యూనివర్సిటీకి ఈ తూకాల విషయంలో ఇంకో ఘనత ఉంది. 2001లో అదే రాష్ట్రంలోని మయామీ యూనివర్సిటీతో పందెం వేసుకుంది. ఎవరి క్యాంపస్ ఎక్కువ రీసైకిల్ చేస్తుందో చూద్దామని. ఆ ఇద్దరి పోటీ రీసైకిల్‌మేనియా పేరుతో పెరిగి వందల విద్యాసంస్థలకు పాకింది. ఎక్కువ రీసైకిల్ చేసినవాడే గెలుస్తాడంటే ఎక్కువ వాడిపారేసినవాడికీ అవకాశం ఉంటుందని తర్వాత అర్థమైనట్టుంది, ఇప్పుడది చెత్తే లేకుండా చేసుకునే పోటీగా పేరు మార్చుకుంది. మంచి మార్పు.

ఇంత శ్రమ ఎందుకంటే, చెత్తదిబ్బలో పూడ్చిన తిండి ఊరికే ఉండదు. గాలి తగలని చోట కుళ్లి మీథేన్ వదులుతుంది. అమెరికాలో చెత్తదిబ్బలకు చేరేదాంట్లో దాదాపు 24 శాతం తిండే. ఆ దిబ్బల నుంచి గాలిలోకి తప్పించుకునే మీథేన్‌లో 58 శాతం ఈ తిండి వల్లేనని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క.

కంపోస్టుకు ఎదురుదెబ్బలూ తగిలాయి. 2000లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ తన క్యాంపస్‌లో చేసిన ఎరువు వేసిన మొక్కలు ఆకులు ముడుచుకుని వంకర్లు తిరిగాయి. వెతికితే కలుపు మందులు దొరికాయి. గడ్డి మీద చల్లిన మందు పశువుల దాణా, పడక గడ్డి గుండా వచ్చి, కంపోస్టు వేడిని కూడా తట్టుకుని నిలిచింది. రెండేళ్లకు ఆ మందుల్లో ఒకదాన్ని ఇళ్ల పచ్చిక మీద వాడకుండా కంపెనీయే వెనక్కి తీసుకుంది. అప్పటినుంచి జాగ్రత్త గల కేంద్రాలు ఎరువు పంచే ముందు కుండీలో చిక్కుడో టమాటానో మొలిపించి చూస్తున్నాయి. రెండు వారాల్లో ఆకు చెప్పేస్తుంది.

ఈ సంగతులు మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అమెరికాలో తోటలు పెంచేవాళ్లకు కంపోస్టు పిచ్చి పట్టించినవాడు రోడేల్. 1942లో సేంద్రియ సేద్యం మీద పత్రిక పెట్టాడు. అతనికి దారి చూపించినవి బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ పుస్తకాలు. హోవర్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పరిశోధన కేంద్రం నడిపి, మన రైతులు పెంటదిబ్బలో చేసే పనిని, చైనా రైతుల పద్ధతిని గమనించి, కొలతలు పెట్టి, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రవేత్తతో కలిసి పుస్తకంగా రాశాడు. ఇండోర్ పద్ధతి అని ఇప్పటికీ వ్యవసాయ కళాశాలల్లో చెప్పేది అదే. తర్వాత బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తకు సరిపడే పద్ధతి తయారుచేశారు. మహారాష్ట్రలోని పుసద్ రైతు నారాయణ్ దేవతావ్ పాండరీపాండే పేరు మీద వచ్చిన నాడెప్ తొట్టి ఇంకా తేలిక. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, గాలి ఆడేందుకు గోడల్లో కన్నాలు వదిలిన ఇటుకల కట్టు. మూడు నాలుగు నెలల్లో ఎరువు.

ఏథెన్స్‌లో చలికాలం నీళ్లు గడ్డకడతాయి. వేడి నిలవాలంటే దళసరి గోడల ఉక్కు గది కావాలి. తెలుగు నేల మీద ఆ అవసరం లేదు. అయినా మన సంస్థలు చాలా చోట్ల యంత్రం వైపే చూస్తున్నాయి. ఇరవై నాలుగు గంటల్లో ఎరువు అని అమ్మే పెట్టెలు తిండిని నలిపి, కరెంటుతో వేడిచేసి ఆరబెడతాయి. బయటికొచ్చేది ఎండిన తిండి. మొక్కకు వేసి నీళ్లు పోస్తే మళ్లీ కుళ్లడం మొదలుపెడుతుంది, వేళ్లను దెబ్బతీస్తుంది. దాన్నీ దిబ్బలో వేసి వారాల తరబడి మాగబెట్టాల్సిందే. ఆ డబ్బుతో ఎన్ని ఇటుకల తొట్లు కట్టొచ్చో, ఇద్దరు మనుషులకు ఎన్నేళ్లు మంచి జీతం ఇవ్వొచ్చో లెక్కేసుకుంటే బాగుండును.

మేనకోడలి రెండో మాట దగ్గరికి వస్తాను. ఎంగిలి పళ్లేలు ఎత్తుతున్నానని అమ్మకు చెప్పకు అంది. మన హాస్టళ్లలో మెస్ వెనక డ్రమ్ములో అన్నం, సాంబారు, ములక్కాడ పిప్పి, కోడిగుడ్డు పెంకు, పెరుగు కప్పు, టిష్యూ కాగితం, నీళ్ల సీసా అన్నీ కలిసి నానుతుంటాయి. వాటిని ఎవరో ఒకరు చేతులు పెట్టి ఏరాలి. ఆ పని ఒప్పంద కూలీలుగా వచ్చే పారిశుద్ధ్య కార్మికులది, వాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాల ఆడవాళ్లు. మన ఎంగిలి మనమే వేరుచేసి వేయకపోతే దాన్ని ముట్టుకునే పని పుట్టుకను బట్టి ఇంకొకరి మీద పడుతుంది. విదేశంలో గంటకు జీతమిచ్చి, గ్లవ్స్ ఇచ్చి, తోటి విద్యార్థులే చేసే పని మన ఊళ్లో నామోషీ ఎలా అయింది? విశ్వవిద్యాలయం ఇలాంటి ప్రశ్న అడగాల్సిన చోటు.

చట్టం చెప్పాల్సింది చెప్పింది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, హానికర చెత్తను పుట్టిన చోటే వేరు చేయాలన్నాయి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే విశ్వవిద్యాలయాలు, హాస్టళ్లను భారీ ఉత్పత్తిదారుల కింద చేర్చి, తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. ఇవన్నీ రాకముందే, 2000 తర్వాతి తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపాలిటీ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటింటా తడి, పొడి వేరు చేయించి, వానపాముల ఎరువు తయారుచేసి దేశానికి చూపించింది. ఉక్కు గదులు లేని ఊరు అది.

మన క్యాంపస్‌లకు ఏథెన్స్ కంటే ఒక సౌలభ్యం ఎక్కువ. ఒహాయోలో చెక్క ముక్కలు ప్రత్యేకంగా నలిపించుకోవాలి. మనకు ఆకు ఉంది. ఫిబ్రవరి, మార్చిలో రావి, కానుగ, వేప, నిద్రగన్నేరు రాల్చే ఆకును ఊడ్చి తెల్లవారుజామున నిప్పు పెట్టడం ఎన్నో ప్రాంగణాల్లో అలవాటు. తిండి వ్యర్థానికి కావలసిన కర్బనం అదే. ఒక డ్రమ్ము తడి చెత్తకు రెండు మూడు డ్రమ్ముల ఎండాకు పడుతుంది. ఆకు కాలం రెండు నెలలే, మెస్ మాత్రం ఏడాదిలో పది నెలలు నడుస్తుంది. కాబట్టి రాలిన ఆకును వాన తగలని రేకుల షెడ్డులో, గోతాల్లో కుక్కి, జూన్ నుంచి వాడుకునేందుకు నిల్వ చేసుకోవాలి. ఎన్ని గోతాలు కావాలో తెలియాలంటే ముందు ఏ హాస్టల్ మెస్‌లో రోజుకు ఎన్ని కిలోల తిండి మిగులుతోందో ఒక వారంపాటు తూచి రాసుకోవాలి. దానికి ఒక కాటా, ఒక నోటు పుస్తకం చాలు.